పాత కుట్టు పుస్తకాలకు ఐదు వేల స్కానర్ సరిపోతుందా?

పిన్ను కొట్టిన పల్చటి డిజైన్ పుస్తకాలు, పత్రికల్లోంచి చించి దాచుకున్న కాగితాలు, విడి షీట్ల మీద వచ్చే గ్రాఫులు. మీ దగ్గరున్నవి ఎక్కువగా ఇవే అయితే, యూఎస్‌బీ తీగతో నడిచే, కాగితాన్ని అద్దం మీద పరిచి స్కాన్ చేసే చిన్న ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఒకటి కళ్ళు మూసుకుని కొనుక్కోండి. లావుపాటి బైండు పుస్తకాలైతే మాత్రం దాని జోలికి పోవద్దు. తొందరలో ఉన్నవాళ్ళకు ఈ రెండు ముక్కలు చాలు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో క్రాఫ్ట్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మాది పాలకొల్లు. ఇప్పుడు హైదరాబాదులో నిజాంపేటలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఫ్లాటులో నాకిచ్చిన గదికి ఒకటే అల్మరా. నాతో వచ్చినవేమో రెండు ట్రంకుపెట్టెలు. వాటిలో దారం కంపెనీ వేసిన యాంకర్ డిజైన్ పుస్తకాలు, వనితాజ్యోతిలోంచి కత్తిరించుకున్న కుట్టు పేజీలు, నరసాపురంలో లేసు ఎగుమతి చేసే ఒకాయన వ్యాపారం మానేస్తూ ఇచ్చేసిన డీఎంసీ అనే దారం కంపెనీ క్రోషా పుస్తకాలు, ట్రైనింగులో నేను కుట్టి అతికించిన రికార్డు, స్వెటర్లు అల్లే పుస్తకాలు, ముగ్గుల పుస్తకాలు ఉన్నాయి. గోదావరి గాలికి పిన్నులన్నీ తుప్పు పట్టాయి. కొన్నిటికి చెద తగిలి అంచులు పోయాయి.

"అత్తయ్యా, అన్నీ ఫోన్లో ఫోటో తీసుకుని పుస్తకాలు ఇచ్చేయకూడదూ?" అంది మా కోడలు. ఇచ్చేయడానికి నాకేమీ బాధ లేదు. కుట్టు పుస్తకం కుట్టేవాళ్ళ దగ్గరే ఉండాలి. అల్మరాలో పడుంటే దాన్ని చదివేది పురుగులే. కానీ ఫోన్ ఫోటోతో ఎందుకు పని జరగదో కుట్టేవాళ్ళకు తెలుసు. కథల పుస్తకమైతే అక్షరం కనిపిస్తే చాలు. డిజైన్ పుస్తకంలో గీత ఎక్కడుందో, ఎంత పొడవుందో, ఏ రంగులో ఉందో మూడూ కావాలి. అందుకే స్కానర్ కొన్నాం.

కంపెనీ పేరు రాయడం లేదు. ఐదు వేల ప్రాంతంలో దొరికే చిన్న ఫ్లాట్‌బెడ్‌లు ఏ కంపెనీవైనా లోపల ఇంచుమించు ఒకటే రకం. అద్దం కింద పేజీ వెడల్పంతా ఒక సన్నటి పట్టీ ఉంటుంది. అందులో వరసగా సెన్సర్లు, పక్కనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్ఈడీ వెలుగు. పట్టీ పై నుంచి కిందికి జరుగుతూ గీత గీతగా చదువుకుంటూ పోతుంది. దీన్ని సీఐఎస్ అంటారు. ఈ రకానికి వేరే కరెంటు ప్లగ్గు అక్కర్లేదు, ల్యాప్‌టాప్‌కు తగిలించిన తీగతోనే నడుస్తుంది. బరువు తక్కువ. పని అయ్యాక నిలువుగా పుస్తకాల పక్కన నిలబెట్టేయొచ్చు. అద్దాలూ పెద్ద లెన్సూ ఉండే సీసీడీ రకం వేరే ఉంది. అది బరువు, ధర కూడా బాగా ఎక్కువ. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, ఈ స్కానర్ మంచీ చెడూ రెండూ ఆ పట్టీ దగ్గరే ఉన్నాయి.

ముందు మంచి. అద్దానికి అతుక్కుని ఉన్న కాగితాన్ని ఇది చూసినంత శుభ్రంగా ఏ ఫోనూ చూడదు. నాలుగు మూలలా ఒకే వెలుగు, నీడ ఉండదు, వంకర ఉండదు. గ్రాఫులో గడి ఎక్కడైనా గడిలాగే ఉంటుంది. ఏ4 పేజీ రంగుల్లో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర పెడితే పది సెకన్లు, కాస్త అటూ ఇటూ. పేజీ తిప్పి, సర్ది, మూత వేసే టైమే అంతకంటే ఎక్కువ పడుతుంది. సీరియల్ చూస్తూ చేసుకునే పని ఇది.

పిన్ను కొట్టిన పుస్తకాలకు ముందు పిన్నులు విప్పాలి. తుప్పు పట్టిన పిన్నును గోటితో లాగితే కాగితం చిరుగుతుంది, వేలూ తెగుతుంది. మధ్య పేజీ తెరిచి, పిన్ను కాళ్ళను పాత వెన్న కత్తితో లేపి నిటారుగా చేసి, వెనక నుంచి లాగితే సాఫీగా వస్తుంది. అప్పుడు పుస్తకమంతా విడి షీట్లయిపోతుంది. ఒక్కో షీటు మీద నాలుగు పేజీలు, అదీ వరస తప్పి ఉంటాయి. మొదటి పేజీ పక్కన చివరి పేజీ, రెండో పేజీ పక్కన చివరి నుంచి రెండోది. దీనికి భయపడక్కర్లేదు. స్కానర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ నాకు నచ్చలేదు. ప్రతి పేజీకీ ఏదో ఒకటి అడుగుతుంది. మా మనవడు న్యాప్స్2 అని ఉచితంగా దొరికేది పెట్టాడు. అందులో ఒక పక్క పేజీలన్నీ ముందు చేసేసి, రెండో పక్కవి తర్వాత చేసి, రెంటినీ ఒకదాని మధ్య ఒకటి కలపమని చెప్పొచ్చు. పేజీలను చిన్న చిన్న బొమ్మలుగా చూపిస్తుంది కాబట్టి చేత్తో జరుపుకోవచ్చు కూడా. వంకరగా పెట్టిన పేజీని తనే నిటారుగా తిప్పుతుంది. చివరికి అంతా ఒక పీడీఎఫ్.

ఎంత డీపీఐ పెట్టాలన్నది అందరూ అడిగే ప్రశ్న. పెట్టె మీద రాసి ఉన్న పెద్ద అంకెలు చూసి మురిసిపోవద్దు. ఏ4 పేజీ 300 దగ్గర సుమారు 2,480 చుక్కల వెడల్పు, 3,508 చుక్కల పొడవు వస్తుంది. కుదించకుండా రంగుల్లో దాస్తే ఒక్కో పేజీ 26 ఎంబీ దాకా ఉంటుంది. జేపీఈజీగా కుదిస్తే ఒకటి రెండు ఎంబీల్లో సరిపోతుంది. 600 పెడితే దానికి నాలుగు రెట్లు. కుట్టు వివరణలకూ, గళ్ళ చార్టులకూ 300 చాలు. సన్నటి గీతల ట్రేసింగ్ డిజైన్లకు, ఒక్కో గడిలో చుక్క, నక్షత్రం, సున్నా లాంటి గుర్తులు చీమ తలకాయంత ఉండే క్రాస్ స్టిచ్ చార్టులకు 600 పెట్టండి. ఆపైన పెడితే కాగితం పీచు కనిపిస్తుంది తప్ప డిజైన్ పెరగదు.

తెలుగు పత్రికల కాగితం పల్చన. వెనక పేజీ బొమ్మ ముందుకు కనిపిస్తుంది. స్కానర్ మూత లోపలి తెలుపు దీన్ని ఇంకా ఎక్కువ చేస్తుంది. పేజీ వెనక ఒక నల్ల చార్టు కాగితం పెట్టి స్కాన్ చేస్తే వెనక బొమ్మ చాలా వరకు పోతుంది. పేజీ కొంచెం మసగ్గా వస్తుంది, దాన్ని తర్వాత సరిచేసుకోవచ్చు. పది రూపాయల చార్టు కాగితం ఈ స్కానర్‌కు అన్నిటికంటే పనికొచ్చే సామాను.

ఇక అచ్చు ఫోటోల సంగతి. పత్రికలో అచ్చయిన రంగుల ఫోటో నిజానికి చుక్కల గుంపు. స్కానర్ కూడా చుక్కలుగానే చదువుతుంది. రెండు చుక్కల వరసలు కలిసేసరికి టేబుల్ క్లాత్ ఫోటో మీద పట్టుచీర మెరుపులాగా అలలు వచ్చేస్తాయి. సెట్టింగుల్లో డీస్క్రీన్ అని ఉంటుంది, అది పెడితే అలలు పోతాయి. అయితే అది చుక్కల్ని కలిపేస్తూ సన్న గీతల్ని కూడా పలచన చేస్తుంది. కాబట్టి ఫోటో పేజీలకే పెట్టండి, చార్టు వచ్చేసరికి తీసేయండి. పుస్తకమంతా ఒకే సెట్టింగుతో లాగించేస్తే తర్వాత గళ్ళు లెక్కపెట్టేవాళ్ళు మిమ్మల్ని తిట్టుకుంటారు.

నలుపు తెలుపు మోడ్ కూడా అంతే. ఫైలు చిన్నగా వస్తుందని ఆశపడి అన్నీ దాంట్లో చేయొద్దు. లేత నీలం గళ్ళు ఎగిరిపోతాయి. అంతకంటే ముఖ్యం, పెన్సిల్ రాతలు ఎగిరిపోతాయి. వాడిన కుట్టు పుస్తకంలో అచ్చు కంటే పెన్సిల్‌తో రాసుకున్నదే విలువైనది. "ఈ పువ్వుకి 6 పోగులు వద్దు, 3 చాలు" అని నేనే ఎప్పుడో రాసుకున్నది చూసి ఇప్పుడు నాకే ఉపయోగపడింది. దారం నంబర్లు మార్చి రాసుకున్నవీ ఉంటాయి. డీఎంసీలో నలుపు 310, యాంకర్‌లో అదే నలుపు 403. పుస్తకంలో ఒక కంపెనీ నంబర్లుంటాయి, ఊళ్ళో కొట్టులో ఇంకో కంపెనీ దారం దొరుకుతుంది. పక్కన పెన్సిల్‌తో రాసుకున్న ఆ జాబితా లేకపోతే చార్టు సగం గుడ్డిదే. ఫోన్‌లో స్కాన్ చేసే యాప్‌లన్నిటితో నా పేచీ ఇదే. అడక్కుండానే పేజీని తెల్లగా తోమేస్తాయి. రసీదులకు బాగుంటుంది అది.

ఇప్పుడు కొలతల సంగతి. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే స్కానర్ రివ్యూల్లో ఎవరూ రాయరు.

మగ్గం వర్కు చేసేవాళ్ళు డిజైన్‌ను ట్రేసింగ్ కాగితం మీదికి ఎక్కించి, గీత వెంబడి సూదితో చిల్లులు పొడుస్తారు. కిరోసిన్‌లో పొడి కలిపి దూదితో ఆ చిల్లుల మీద రుద్దితే కింద బట్ట మీద చుక్కలుగా దిగుతుంది. బ్లౌజు వెనక మెడకు వేసే లత మెడ కొలతకే రావాలి. చేతి బార్డరు చేతి చుట్టుకొలతకు సరిపోవాలి. కాబట్టి పుస్తకంలో ఉన్న సైజే కాగితం మీద తిరిగి రావాలి. ఫ్లాట్‌బెడ్‌లో స్కాన్ చేస్తే ఆ సైజు ఫైలులోనే ఉంటుంది, ఎందుకంటే అంగుళానికి ఇన్ని చుక్కలని దానికి తెలుసు. ఫోన్ ఫోటోకు ఆ సంగతి తెలియదు. మీరు ఎంత ఎత్తు నుంచి తీశారో దాన్ని బట్టి పువ్వు పెరుగుతుంది, తగ్గుతుంది.

అంతా సరిగ్గా చేసి జిరాక్స్ షాపుకు వెళ్తే అక్కడ చెడుతుంది. ప్రింటు కొట్టే అబ్బాయి "ఫిట్" అని ఉన్నదాన్ని నొక్కుతాడు, అది ఎప్పుడూ అలాగే ఉంటుంది కాబట్టి. పేజీ అంచులు వదలడం కోసం ప్రింటరు మొత్తాన్ని మూడు నాలుగు శాతం కుదిస్తుంది. 25 సెంటీమీటర్ల లత నాలుగు శాతం తగ్గితే ఒక సెంటీమీటరు పోయినట్టే. మెడ దగ్గర సెంటీమీటరంటే కుట్టేవాళ్ళకు తెలుసు దాని బాధ. "యాక్చువల్ సైజు" లేదా "100 శాతం" పెట్టమని అడగాలి. ఆ అబ్బాయి పెట్టానంటాడు. నమ్మకండి. నేను స్కాన్ చేసేటప్పుడే పేజీ పక్కన ఒక ప్లాస్టిక్ స్కేలు పెట్టి దాన్నీ కలిపి స్కాన్ చేస్తాను. ప్రింటు మీద వచ్చిన స్కేలు పక్కన అసలు స్కేలు పెట్టి చూస్తే చాలు, రెండు గీతలూ కలవాలి. పేజీ అద్దం నిండా ఉండి స్కేలు పట్టకపోతే, కాగితం అంచున 10 సెంటీమీటర్ల గీత పెన్సిల్‌తో గీసి స్కాన్ చేయండి.

కొన్ని పత్రికల మధ్యలో మడతపెట్టిన పెద్ద ట్రేసింగ్ షీట్లు వస్తాయి. విప్పితే మంచం మీద పరుచుకునేంత. కాగితం ఆదా కోసం నాలుగైదు డిజైన్లు ఒకదాని మీద ఒకటి వేర్వేరు రంగు గీతలతో, చుక్కల గీతలతో అచ్చు వేసి ఉంటాయి. ఏ4 అద్దం మీద దాన్ని ముక్కలు ముక్కలుగా చేసి తర్వాత కంప్యూటర్లో అతికించాలి. అతికించడం కోసం ప్రతి ముక్కలోనూ పక్క ముక్క భాగం కొంత ఉండేలా చూసుకోవాలి. ఈ పని నాకు చిరాకు. మడత దగ్గర కాగితం పగిలి ఉంటుంది, ముక్క కదులుతుంది, గీతలు కలవవు. ఇలాంటి షీట్లకు ఈ స్కానర్ వద్దు. బ్లూప్రింట్లు, ప్లాన్లు చేసే షాపుల్లో పెద్ద సైజు స్కానర్లుంటాయి. కాగితాన్ని ఒక పక్క నుంచి లాక్కుని ఇంకో పక్కకు వదులుతాయి. షీటు గట్టిగా ఉంటే అక్కడికి తీసుకెళ్ళండి. చిరుగులున్న దాన్ని ముందు పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కవర్లో పెట్టివ్వండి, లేకపోతే అందులో నలుగుతుంది.

బైండు పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి స్కానర్ చేతులెత్తేస్తుంది. ఆ సెన్సర్ పట్టీకి అద్దానికి ఆనుకున్నదే కనిపిస్తుంది. పేజీ కొన్ని మిల్లీమీటర్లు పైకి లేచినా మసకే. కుట్టు బైండు ఉన్న పుస్తకాన్ని ఎంత నొక్కినా మధ్య భాగం పైకి లేస్తుంది. అక్కడ అక్షరాలు మసకబారి, నల్లటి పట్టీ పడుతుంది. క్రోషా చార్టులో మధ్య రెండు వరసలు మసక అయిపోతే మొత్తం చార్టు దండగ. ఇంకా గట్టిగా నొక్కితే పుస్తకం వెన్ను విరుగుతుంది. ఇది ఒక స్కానర్ లోపం కాదు, సీఐఎస్ రకం స్వభావమే అంత. కొన్నవాళ్ళు దాన్ని తిట్టి లాభం లేదు. కొనేముందే తెలుసుకోవాలి, అంతే.

మరి లావు పుస్తకాలకేం చేయాలి? సిటీలో స్కానింగ్ సర్వీసు ఒకటి కనుక్కుని వెళ్ళాను. పేజీకి రెండు రూపాయలన్నారు. లావుపాటి క్రోషా పుస్తకం చేతిలోకి తీసుకుని, "వెన్ను కోసేస్తామండీ, కాగితాలు తనే లాక్కునే ఫీడర్లో పెడితే పావుగంటలో అయిపోతుంది" అన్నారు. కోసిన పుస్తకాన్ని ఎవరికిస్తాను? ఇంకో మార్గం ఉందని, పైనుంచి కెమెరాతో చూసే స్కానర్ మీద పెట్టి చూపించారు. పేజీ వంపును అదే లెక్కగట్టి చదును చేస్తుంది. రాతకు చాలా బాగుంది, అంతవరకు ఒప్పుకోవాలి. గళ్ళ చార్టుకు వచ్చేసరికి వంపు దగ్గర గళ్ళు ఒకటి సన్నం, ఒకటి వెడల్పు అయ్యాయి. గళ్ళు లెక్కపెట్టుకునే పనికి అది సరిపోతుంది. ట్రేసింగ్‌కు పనికిరాదు. అలాంటి యంత్రం సొంతంగా కొనాలంటే మన స్కానర్‌కు నాలుగైదు రెట్లు ఖర్చు. మనకి ఉన్నది పది పుస్తకాలైతే అంత పెట్టడం శుద్ధ దండగ.

లావు పుస్తకాలకు చివరికి నేను చేస్తున్నది ఇది. పుస్తకాన్ని పూర్తిగా తెరవకుండా, ఎల్ ఆకారంలో సగం తెరిచి ఒక పక్కను అట్టపెట్టెకు ఆనిస్తాను. కింద పరుచుకున్న పేజీ మీద పల్చటి గాజు పలక పెడతాను. ఫోన్‌ను స్టాండుకు బిగించి సరిగ్గా పైనుంచి, పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా తీస్తాను. యాప్ వాడను, మామూలు కెమెరాయే. పేజీ పక్కన స్కేలు తప్పనిసరి. ముందు కుడి పేజీలన్నీ, తర్వాత పుస్తకం తిప్పి ఎడమ పేజీలన్నీ. స్కానర్ అంత నిఖార్సుగా రాదు, కానీ పుస్తకం వెన్ను విరగదు.

ఈ స్కానర్‌తో నాకు అన్నిటికంటే నచ్చిన పని మాత్రం పుస్తకాలది కాదు, లేసుది. మా నరసాపురం, పాలకొల్లు వైపు 19వ శతాబ్దంలో మిషనరీలతో వచ్చిన క్రోషా లేసు పని ఇప్పటికీ ఇళ్ళలో ఆడవాళ్ళు అల్లుతూనే ఉన్నారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. అల్లేవాళ్ళలో చాలామంది పుస్తకం చూసి అల్లరు. శాంపిల్ ముక్క చేతిలో పెడితే కుట్లు లెక్కపెట్టి దాన్ని అచ్చంగా దింపేస్తారు. ఆ శాంపిల్ ముక్కలు నా పెట్టెలో బోలెడు. ఒకటి తీసి అద్దం మీద పరిచి, వెనక నల్ల చార్టు పెట్టి, 600 దగ్గర స్కాన్ చేశాను. ప్రతి చైను కుట్టూ, ప్రతి ట్రెబుల్ కుట్టూ, దారం మెలిక కూడా కనిపించింది. తెరమీద పెద్దది చేసి చూస్తే కళ్ళజోడు లేకుండా కుట్లు లెక్కపెట్టుకోవచ్చు. లేసు పల్చన కాబట్టి అద్దానికి అతుక్కుంటుంది, మసక అన్న బాధే లేదు. ముడతలుంటే ముందు తడి గుడ్డ వేసి ఇస్త్రీ చేసుకోవాలి. పిండి పెట్టి గట్టిపరిచిన ముక్కలైతే అద్దం మీద గీతలు పడకుండా జాగ్రత్తగా పరవండి. రికార్డులో అతికించిన కాజా కుట్టు, లేజీ డైజీ, ఫ్రెంచ్ నాట్ నమూనాలు మాత్రం ఇంత బాగా రాలేదు. ముడి పైకి లేచి ఉంటుంది కదా, దాని తల కనిపించి చుట్టూ మసక. వాటికి ఫోనే మేలు.

తెలుగులో అచ్చయిన వివరణలను వెతుక్కోవాలంటే బొమ్మ పీడీఎఫ్ చాలదు. గూగుల్ డ్రైవ్‌లో ఆ ఫైలు పెట్టి డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలుగా మారుస్తుంది. అచ్చు శుభ్రంగా ఉంటే బాగానే చేస్తుంది. రెండు కాలమ్‌ల పేజీలో వాక్యాలు కలగాపులగం అవుతాయి, చేత్తో దిద్దుకోవాలి. నేను అంత ఓపిక పెట్టలేదు. ఫైలు పేరులో పత్రిక, నెల, ఏడాది, డిజైన్ ఏమిటో తెలుగులో రాసుకుంటున్నాను. "వనితాజ్యోతి_పిల్లల గౌను స్మాకింగ్ కుట్టు" అని ఉంటే చాలు, వెతకడానికి.

మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది. మీ పుస్తకం ఇప్పటికే ఎవరైనా స్కాన్ చేసి పెట్టారేమో చూడండి. డీఎంసీ కంపెనీతో కలిసి పనిచేసిన తెరీజ్ ద దిల్మోంట్ 1886లో వేసిన కుట్టుపని విజ్ఞాన సర్వస్వం ఇంగ్లీషులో పాత పుస్తకాల వెబ్‌సైటు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో బొమ్మలతో సహా ఉచితంగా ఉంది. ఆంటీక్ ప్యాటర్న్ లైబ్రరీ అని వాలంటీర్లు నడిపే వెబ్‌సైటు ఉంది, కాపీరైటు తీరిన పాత క్రోషా, ఎంబ్రాయిడరీ పుస్తకాలు వందల కొద్దీ దొరుకుతాయి. పాత తెలుగు పత్రికలు కొన్ని ప్రెస్ అకాడమీ డిజిటైజ్ చేసింది. ఇవి చూసుకున్నాక నా పెట్టెలో స్కాన్ చేయాల్సింది బాగా తగ్గింది.

కాపీరైటు గురించి కూడా ఒక మాట. మన 1957 చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. పేరు లేకుండా వచ్చినదానికైతే అచ్చయినప్పటి నుంచి 60 ఏళ్ళు. నా పెట్టెలోవి చాలా వరకు ఇంకా ఆ గడువులోనే ఉన్నాయి. అందుకే స్కాన్లు నా ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. "టీచర్ గారూ, గ్రూపులో పెట్టేయండి" అని మా పాత విద్యార్థినులు అడుగుతూనే ఉన్నారు. పెట్టను. పుస్తకం కావాలంటే పుస్తకమే ఇస్తాను, దానికెవరి అనుమతీ అక్కర్లేదు.

ఇచ్చేయడం స్కానింగ్ కంటే కష్టమైన పని. లైబ్రరీలో అడిగితే బైండు పుస్తకాలు తీసుకుంటామన్నారు, విడి పత్రికలు వద్దన్నారు. వాళ్ళ తప్పేమీ లేదు, పిన్నులూడిన పత్రికను రిజిస్టర్లో ఎలా ఎక్కిస్తారు? అసలు గిరాకీ ఎక్కడుందంటే టైలరింగ్, ఎంబ్రాయిడరీ టెక్నికల్ సర్టిఫికెట్ పరీక్షకు చదివేవాళ్ళ దగ్గర. లోయర్ గ్రేడు, హయ్యర్ గ్రేడు అని ఉంటాయి కదా, ఆ పరీక్షకు కుట్ల పేర్లు, డ్రాఫ్టింగు కొలతలు వివరంగా ఉన్న పాత పుస్తకాలు వాళ్ళకు బంగారం. పరీక్షకు కూర్చుంటున్న ఇద్దరమ్మాయిలు రెండు సంచులు మోసుకెళ్ళారు. ఐటీఐలో ఎంబ్రాయిడరీ చెప్పే ఆవిడ చార్టు పుస్తకాలు తీసుకుంది. మా వీధి చివర మగ్గం వర్కు షాపు కుర్రాడు లతల పుస్తకాలు చూసి, "ఇవి ఇప్పుడెవరూ వేయట్లేదు మేడం" అంటూనే నాలుగు ఎంచుకుని పట్టుకుపోయాడు. డూప్లికేట్లు ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాలు పరిచేవాళ్ళకిచ్చాను. వాళ్ళు అమ్ముకుంటారు, అమ్ముకోనివ్వండి. కొన్నవాళ్ళు దాచుకుంటారు. పాత పేపర్లవాడికి తూకానికి వేయడం కంటే అది లక్ష రెట్లు నయం.

వేరే ఊళ్ళకు పంపాలంటే పోస్టాఫీసులో జ్ఞాన్ పోస్ట్ అని అడగండి. 2025 మేలో మొదలైంది. పుస్తకాలకు 300 గ్రాముల లోపు 20 రూపాయలు, ఐదు కిలోల దాకా గరిష్ఠంగా 100, పైన పన్ను. ప్రకటనలున్న పత్రికలకు అది కుదరదు. వాటిని నేను ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను.

మళ్ళీ స్కానర్ దగ్గరికి. తీగ పొట్టిది, ల్యాప్‌టాప్ పక్కనే ఉండాలి. మూత పల్చన, పుస్తకం కొంచెం లావైనా సరిగ్గా మూసుకోదు, పైన డిక్షనరీ బరువు పెడుతున్నాను. పాత కాగితాల దుమ్ము అద్దం మీద పడి ప్రతి పేజీ మీదా ఒకే చోట చుక్కలు వస్తాయి, మెత్తటి పొడి గుడ్డతో తరచూ తుడవాలి. తడి ద్రవం నేరుగా అద్దం మీద చల్లొద్దు, అంచుల్లోంచి లోపలికి దిగుతుంది. కాగితాలు తనే లాక్కునే ఫీడర్ లేదు. పాత కాగితానికి ఫీడర్ లేకపోవడమే మంచిది. పల్చటి పేపర్లకు ఐదుకి నాలుగున్నర ఇస్తాను, లేసుకు ఐదు, బైండు పుస్తకానికి ఒకటి. ఆ ఒకటీ మొహమాటానికే.

ఇంకా పెట్టె అడుగున మిగిలినవి స్వెటర్లు అల్లే పుస్తకాలు. హైదరాబాదులో ఎవరినడిగినా నవ్వుతున్నారు. పురిటి బిడ్డలకు టోపీలు, సాక్సులు అల్లే పేజీలు నేను స్కాన్ చేసి ఉంచుకున్నాను. మిగతావి చలి దేశాల్లో ఉన్న మన అమ్మాయిలెవరైనా సెలవులకు వచ్చినప్పుడు పట్టుకెళ్తే ఇచ్చేస్తాను. సూట్‌కేసులో కిలోన్నర చోటుంచుకుని రండి.